వడ్డన ఆపమని ఎవరు చెప్పాలి? బడి వంటమనుషులకు నాయకత్వ శిక్షణ: ఒక కేస్ స్టడీ

మధ్యాహ్న భోజనం వండే మహిళలకు శిక్షణ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి తలకు టోపీ, ఒంటికి ఏప్రాన్, చేతులు కడుక్కునే పద్ధతి. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండలంలో మేం పెట్టిన శిక్షణ మాత్రం వేరే ప్రశ్నతో మొదలైంది. "ఈ సరుకు దించొద్దు", "ఈ కూర వడ్డించొద్దు" అని చెప్పాల్సిన రోజు వస్తే, ఆ మాట ఎవరు అనాలి? అన్నాక వినేదెవరు?

నాయకత్వం అనే మాట వినగానే వంటమనుషులు నవ్వారు. "మాకు లీడర్లెందుకు సార్, బిల్లులు టయానికి ఇప్పించండి చాలు" అంది ఒకావిడ. ఆ మాటలో న్యాయం ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను హాస్టళ్లలో, బడి వంటశాలల్లో ఆహార భద్రత శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. మండలం పేరు, బడుల పేర్లు రాయడం లేదు. అక్కడివాళ్లు ఇప్పటికీ అదే పని చేసుకుంటున్నారు, వాళ్లకు ఇబ్బంది కాకూడదు.

లేని మెట్టు

కేంద్రం 1995 ఆగస్టు 15న ఈ పథకం మొదలుపెట్టినప్పుడు చాలా రాష్ట్రాల్లో పిల్లల చేతికి వచ్చింది వండని బియ్యమో గోధుమలో మాత్రమే. బడిలో వండి పెట్టి తీరాలన్నది 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం. 2013 ఆహార భద్రత చట్టంతో అది పిల్లల హక్కు అయింది, 2015లో నియమాలు వచ్చాయి. 2021 నుంచి కేంద్రం దాన్ని పీఎం పోషణ్ అంటోంది. మన రాష్ట్రంలో 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తోంది. గోదావరి లంకల్లో వేళకాని వేళ వచ్చినవాళ్లకూ వండి పెట్టిన ఆవిడ పేరు బాగానే కుదిరింది. కాకపోతే సీతమ్మగారి వంటింట్లో ఎవరికి ఏం పెట్టాలో, ఏది పెట్టకూడదో చెప్పేది సీతమ్మగారే. బడి వంటశాలలో ఆ మాట చెప్పేవాళ్లెవరో కాగితం మీద ఎక్కడా లేదు.

పని ఎంత ఉంటుందో ఒక్కసారి లెక్క వేద్దాం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు తలకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె వాడాలి. 300 మంది పిల్లలంటే రోజుకు 45 కిలోల బియ్యం, 9 కిలోల పప్పు, 22 కిలోలకు పైగా కూరగాయలు, రెండుంపావు కిలోల నూనె. పైన గుడ్లు, కొన్ని రోజులు పొద్దున్నే రాగి జావ. పెళ్లికి ఇంత వంట అయితే ఒక మేస్త్రి, అతని కింద మనుషులు, సరుకులు చూసుకోవడానికి ఇంటి పెద్ద ఒకరు ఉంటారు. ఇక్కడ అదే వంట రోజూ ఉంటుంది. కేంద్ర నిబంధన ప్రకారం 25 మంది పిల్లల వరకు ఒక వంటమనిషి, 100 వరకు ఇద్దరు, ఆపైన ప్రతి వందకు ఇంకొకరు. ఆ లెక్కన 300 మందికి నలుగురు. నలుగురి హోదా ఒకటే, కుక్ కమ్ హెల్పర్. కేంద్రం లెక్కలో గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. 2009 నుంచి ఆ అంకె కదల్లేదు. మన రాష్ట్రంలో మొత్తం కలిపి 3,000 ఇస్తున్నారు.

పక్కనే ఉన్న తమిళనాడులో భోజన కేంద్రానికి నిర్వాహకులు, వంటమనిషి, సహాయకులు అని వేర్వేరు హోదాలున్నాయి. అమెరికాలో అయితే 2015 జూలై నుంచి బడి భోజన సిబ్బందికి ఏటా శిక్షణ తప్పనిసరి చేశారు. డైరెక్టర్లకు 12 గంటలు, మేనేజర్లకు 10, మిగతా సిబ్బందికి 6. గంటల సంగతి అలా ఉంచితే, అక్కడ వంటశాలకు మేనేజర్ అని ఒకరున్నారు. మన దగ్గర వంటమనిషికీ హెడ్మాస్టరుకీ మధ్య మెట్టే లేదు. హెడ్మాస్టరుకు పాఠాలు, యాప్‌లు, మీటింగులు. వంటశాలకు వచ్చేసరికి ఆయనకు వంట అయిందా లేదా అన్నంతవరకే తీరిక. మధ్యలో ఉన్న ఖాళీని ఎవరో ఒకరు నింపుతూనే ఉంటారు. ఎవరు నింపుతున్నారన్నది చూడకుండా శిక్షణ పెడితే డబ్బు దండగ.

పొద్దుటి పూట కూర్చుని చూస్తే

శిక్షణకు ముందు మేం కొన్ని వంటశాలల్లో పొయ్యి వెలిగించినప్పటి నుంచి గిన్నెలు తోమేదాకా కూర్చున్నాం. ఎవరినీ ఏమీ అడగలేదు. కాస్త అలవాటయ్యాక వాళ్లే మాట్లాడారు.

మొదట తెలిసింది హాజరు లెక్క గొడవ. బడిలో హాజరు తీసుకుని, యాప్‌లో ఎక్కించి, ఆ అంకె వంటశాలకు వచ్చేసరికి పది దాటుతుంది. ఎసరు అప్పటికే మరుగుతుంటుంది. అందుకని వంటావిడ నిన్నటి అంకెతోనో, ఊళ్లో పెళ్లిళ్లు ఏమైనా ఉన్నాయా అన్న అంచనాతోనో బియ్యం కొలుస్తుంది. ఒక రోజు మిగులుతుంది, ఒక రోజు చివరి వరుసలో పిల్లలకు తగ్గుతుంది. మిగిలితే "లెక్క తెలీదా" అంటారు, తగ్గితే "బియ్యం ఏమయ్యాయి" అంటారు. రెండు రోజులూ మాట పడేది ఆమే.

రెండోది సరుకు. గుడ్ల బండి వేళాపాళా లేకుండా వస్తుంది. ఎవరు ఎదురుగా ఉంటే వాళ్లు సంతకం పెడతారు. ఒక బడిలో వాచ్‌మన్, ఇంకో బడిలో మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయమ్మ. ట్రేలు విప్పి చూసేది మర్నాడు ఉడకబెట్టేటప్పుడే. అప్పుడు పగిలినవి, వాసన వచ్చేవి కనబడితే ఎవరిని అడగాలి?

మూడోది, నాకు మిగతా వాటికంటే ముఖ్యమని తోచింది, రుచి చూడడం. పిల్లలకు పెట్టేముందు పెద్దవాళ్లు తిని చూడాలి, వారిలో కనీసం ఒక టీచర్ ఉండాలి అన్నది నిబంధన. అన్ని బడుల్లోనూ రిజిస్టర్‌లో సంతకాలున్నాయి. నిజంగా జరిగేది ఏమిటంటే, గంట కొట్టాక ఒక గిన్నెలో కాస్త అన్నం, కూర స్టాఫ్ రూమ్‌కు వెళ్తాయి. అప్పటికి పిల్లలు కంచాలు పట్టుకుని వరుసలో ఉంటారు. ముందు నిలబడ్డ పిల్లలు కంచాల మీద వాయిస్తుంటారు. ఆ వేళలో గిన్నె మూత తీసిన టీచర్ "ఇది పెట్టొద్దు" అంటారా? రుచి చూడడానికి అర్థం ఉండాలంటే ఆపడానికి వ్యవధి ఉండాలి.

ఇంకో సంగతి కూడా అర్థమైంది. వంట ఏజెన్సీ, అంటే వండి పెట్టే బాధ్యత, ఎవరి పేరు మీద ఉందో ఆమే వంటశాలకు పెద్ద అనుకుంటాం. చాలా చోట్ల బ్యాంకు ఖాతా ఉన్నది పొదుపు సంఘం లీడర్ పేరు మీద. గరిటె మాత్రం వేరే ఆమె చేతిలో ఉంటుంది. ఉప్పు సరిపోయిందా అని మిగతావాళ్లు ఎవరి ముఖం చూస్తారో ఆమే అసలు పెద్ద. కొన్ని బడుల్లో ఈ ఇద్దరికీ పడదు. శిక్షణకు ఒక్కరినే పిలిస్తే రెండోవాళ్లు మర్నాడే అన్నీ పాత పద్ధతికి తెస్తారు. అందుకే ప్రతి బడి నుంచి ఇద్దరినీ పిలిచాం. వాళ్లతోపాటు హెడ్మాస్టర్ కూడా రావాలని షరతు పెట్టాం. హెడ్మాస్టర్ రాలేని బడిని తర్వాతి విడతకు వాయిదా వేశాం. ఈ షరతు మీద మాకు చాలా విమర్శ వచ్చింది. ఇప్పటికీ అది సరైనదనే నా అభిప్రాయం.

శిక్షణ గదిలో

పొద్దున పూట వాళ్లు రాలేరు. గిన్నెలు తోమి బయటపడేసరికి రెండున్నర. ఆ తర్వాత కూలికి పోయేవాళ్లున్నారు, మూడు వేల మీద ఇల్లు గడవదు కదా. కాబట్టి శిక్షణకు వచ్చిన పూటకు కూలి డబ్బు ఇచ్చాం. మండల రిసోర్స్ సెంటర్‌లో బెంచీలు పక్కకు జరిపి, చాపలు పరిచి కూర్చున్నాం. హెడ్మాస్టర్లకు కుర్చీలు వేద్దామని ఎవరో అన్నారు. వద్దన్నాం.

మొదట బీహార్‌లోని గండామన్ ఊరి సంగతి చెప్పాం. 2013 జూలై 16న ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. మన రైతుల ఇళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు లేరు, అందుకే గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నూనె తేడాగా ఉందని వంటావిడ చెప్పిందనీ, అయినా వాడమన్నారనీ అప్పటి వార్తల్లో వచ్చింది. ఆ వంట రుచి చూసి ఆమె కూడా ఆసుపత్రి పాలైంది. 2016లో అక్కడి ప్రధానోపాధ్యాయురాలికి కోర్టు జైలు శిక్ష వేసింది.

చెప్పడం అయ్యాక ఒకటే అడిగాం. "మీ బడిలో అదే జరిగితే, నూనె తేడాగా ఉందని మీరు ఎవరితో అంటారు? అన్నాక ఏమవుతుంది?"

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దావిడ అంది. "అంటాం సార్. ఒకసారి అంటాం. రెండోసారి అంటే మమ్మల్నే మాన్పించేస్తారు."

ఎదురుగా వాళ్ల హెడ్మాస్టర్ కూర్చునే ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు. నా దృష్టిలో శిక్షణ అక్కడ మొదలైంది.

2004 జూలై 16న కుంభకోణంలో బడి వంటపొయ్యి నుంచి ఆకుల కప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయిన సంగతి కూడా చెప్పాం. దాని నుంచి నిప్పు, గ్యాస్ బండ, బయటికి దారి అన్న విషయాలకు వెళ్లాం. అవి తెలిసినవే కాబట్టి త్వరగా ముగించాం.

ఎక్కువ సేపు పట్టింది నటించి చూడడం. హెడ్మాస్టర్ వంటమనిషి అవ్వాలి, వంటమనిషి హెడ్మాస్టర్ అవ్వాలి. ఒకాయన కొంగు లేకపోయినా భుజం మీద తువ్వాలు కొంగులా వేసుకుని "సార్, పప్పు అడుగంటింది సార్" అన్నారు. హెడ్మాస్టర్ వేషంలో ఉన్నావిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, తల కూడా ఎత్తకుండా "ఏదో ఒకటి చెయ్యమ్మా, మీటింగులో ఉన్నా" అంది. గదంతా పగలబడి నవ్వింది. ఆయనా నవ్వారు, కానీ ముఖం కాస్త మారింది. నేను ఎంత చెప్పినా ఎక్కని విషయం ఆ నవ్వుతో ఎక్కింది.

వంటశాలలో నాయకత్వం మాటల్లో కాకుండా చేతల్లో కనబడేది గంజి వార్చేటప్పుడు. అడుగున వేడి, పైన ఆవిరి. ఇద్దరు చెరోవైపు గుడ్డలు పట్టుకుని గుండిగ వంచుతారు, మూడో ఆమె మూత అదిమి పట్టుకుంటుంది. ముగ్గురూ ఒకేసారి "కొంచెం ఇటు", "చాలు చాలు", "ఆగవే" అంటుంటే చేయి కాలేది అప్పుడే. మేం పెట్టిన నియమం ఏమిటంటే, గుండిగ వంచేటప్పుడు పలికేది ఒక్కరే. మూత పట్టుకున్నామె "వంచు", "ఆపు" అంటుంది. మిగతా ఇద్దరూ నోరు మెదపరు. ఖాళీ గుండిగలో చన్నీళ్లు పోసి అక్కడే సాధన చేయించాం. కోడళ్ల వయసు అమ్మాయి అత్త వయసు ఆవిడకు "ఆపు" అని చెప్పడానికి మొదట మొహమాటపడింది. "ఆపండి అత్తా" అంది. ఆ గౌరవం జోడించేలోపు నిజమైన గంజి అయితే కాళ్ల మీద పడేదని పెద్దావిడే నవ్వుతూ చెప్పింది. ఆ తర్వాత నుంచి "ఆపు" అనే అంటున్నారు.

గోడ మీద కాగితం

శిక్షణ ఫలితంగా ప్రతి బడికీ ఒక కాగితం తయారైంది. హెడ్మాస్టర్, ఇద్దరు వంటమనుషులు కూర్చుని రాసుకున్నది, ముగ్గురి సంతకాలతో వంటశాల గోడకు అంటించింది. మాటలు బడిబడికీ మారాయి, సారాంశం ఇది. సరుకు చూసి తీసుకునేది, తిప్పి పంపేది వంటమనిషి. ఎందుకు పంపామో రాసిపెట్టేది హెడ్మాస్టర్. తొమ్మిదింబావుకల్లా హాజరు లెక్క వంటశాలకు రావాలి. వడ్డనకు అరగంట ముందే రుచి చూడాలి. వడ్డన ఆపమని వంటమనిషి, హెడ్మాస్టర్ ఇద్దరిలో ఏ ఒక్కరు అన్నా ఆగాలి, మళ్లీ మొదలుపెట్టాలంటే మాత్రం ఇద్దరూ ఒప్పుకోవాలి.

చివరి వాక్యం దగ్గర పెద్ద వాదన జరిగింది. "ఆమెకు అంత అధికారం ఇస్తే నా కుర్చీకి విలువేముందండీ?" అన్నారు ఒక హెడ్మాస్టర్. దానికి నేను జవాబు చెప్పలేదు. పక్క ఊరి హెడ్మాస్టరే చెప్పారు. "తేడా వస్తే సస్పెండ్ అయ్యేది మనం సార్. ముందే చెప్పేవాళ్లు ఒకరుంటే మనకే నయం కదా." నాయకత్వం, సాధికారత అంటూ నేను ఎన్ని చెప్పినా ఈ మాటకు సాటిరాదు. ఇలాంటి శిక్షణ ఇచ్చేవాళ్లు ఉద్యోగ భయాన్ని చిన్నచూపు చూడకూడదు. అది చాలాసార్లు మనవైపే పనిచేస్తుంది.

హాజరు లెక్కకు ఒక బడి తేలికైన దారి కనిపెట్టింది. తరగతి లీడర్లు ప్రార్థన అయిన వెంటనే వంటశాల తలుపు పక్కన నల్లబోర్డు మీద తమ తరగతి అంకె సుద్దతో రాస్తారు. యాప్‌లో ఎప్పుడు ఎక్కితే అప్పుడు ఎక్కుతుంది. వంటావిడ అన్నీ కూడుకుని బియ్యం కొలుస్తుంది. ఆమెకు చదువు రాదు కదా అని ఒక టీచర్ సందేహపడ్డారు. అక్షరాలు రాని వంటమనుషులను చాలామందిని చూశాను, అంకెలు రానివాళ్లను చూడలేదు. కొట్లో బాకీ లెక్క వాళ్లకు నోటి మీదే ఉంటుంది.

బియ్యంలో తేలిన గింజలు

ఒక పూట ఒకావిడ రుమాలులో మూటగట్టి కొన్ని బియ్యపు గింజలు తెచ్చింది. "ఇవి ప్లాస్టిక్ బియ్యమంట కదా సార్. కడిగేటప్పుడు పైకి తేలుతున్నాయి. మేం రోజూ ఏరి పారబోస్తున్నాం."

అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజ ఆకారంలో తయారుచేస్తారు. వంద గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. రంగులో, బరువులో కాస్త తేడా ఉంటుంది కాబట్టి కొన్ని నీళ్లలో తేలతాయి. అంటే రక్తహీనత కోసం కలిపినదాన్నే ఎంతో శ్రద్ధగా ఏరి పారబోస్తున్నారన్నమాట. అది వాళ్ల నిర్లక్ష్యం అనడానికి లేదు. పిల్లల మీద జాగ్రత్తతోనే చేశారు. బస్తాతోపాటు ఆ ముక్క చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు లోపం.

అక్కడే చిన్న గిన్నెలో ఆ గింజలను వండి, వేళ్లతో మెదిపి చూపించాం. ప్లాస్టిక్ మెదగదు. ఎక్కువసార్లు కడగొద్దు, తేలినవి పారబోయొద్దు అని చెప్పాం. ఇక్కడిదాకా మామూలు శిక్షణే. తర్వాత జరిగింది మాత్రం మేం అనుకోనిది. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఒక తండ్రి ఇదే ప్లాస్టిక్ బియ్యం సంగతి లేవదీశాడు. హెడ్మాస్టర్ జవాబు చెప్పబోతుంటే ఆవిడే లేచి, వంటశాల నుంచి గిన్నెలో ఆ గింజల అన్నం తెచ్చి, అందరి ముందూ మెదిపి చూపించింది. "నా మనవడు ఇక్కడే తింటున్నాడు బాబూ, నేను ప్లాస్టిక్ పెడతానా?" అంది. అంతవరకు ఆ కమిటీలో ఆమె టీ గ్లాసులు అందించడానికే వచ్చేది.

గుడ్ల రోజు

గోడ మీద కాగితానికి నిజమైన పరీక్ష ఒక హైస్కూల్లో వచ్చింది. ముందు రోజు సాయంత్రం వచ్చిన గుడ్లు పొద్దున్నే నీళ్లలో వేస్తే చాలా పైకి తేలాయి. వంటావిడ కొన్ని పగలగొట్టి చూసింది. వాసన. మిగతావి బాగానే ఉండొచ్చు. పాత రోజుల్లో అయితే తేలినవి తీసేసి, మిగిలినవి ఉడకబెట్టి, తక్కువైతే సగం సగం కోసి పెట్టేవాళ్లు. ఈసారి ఆమె ఉడకబెట్టడమే ఆపేసి హెడ్మాస్టర్‌ను పిలిపించింది.

ఆయనకు టెన్షన్. గుడ్డు రోజున గుడ్డు లేకపోతే యాప్‌లో ఏం ఎక్కించాలి? పైనుంచి ఫోన్ వస్తే ఏం చెప్పాలి? "బాగున్నవి చూసి వెయ్యమ్మా" అన్నారు. ఆమె గోడ వైపు చూపించి "రాసుకున్నాం కదా సార్" అంది. ఆయన కాసేపు గింజుకున్నారు. చివరికి ట్రేల ఫొటోలు తీసి, మండల విద్యాధికారికి పంపి, గుడ్లు తిప్పి పంపారు. ఆ రోజు పిల్లలకు అన్నం, పప్పు, చిక్కీ పెట్టారు. కొందరు పిల్లలు అలిగారు.

ఆ గుడ్లు పెట్టి ఉంటే పిల్లలు జబ్బు పడేవాళ్లా? ఎవరూ చెప్పలేరు. అందుకే దీన్ని "ప్రమాదం తప్పించిన కథ"గా చెప్పడం నాకు ఇష్టం లేదు. నాకు ముఖ్యమైంది ఆ తర్వాతి వారం. గుడ్ల బండి ఆ బడికి వచ్చినప్పుడు డ్రైవర్ వాచ్‌మన్ దగ్గర ఆగకుండా నేరుగా వంటశాలకు వెళ్లి "చూసుకోండమ్మా" అన్నాడు.

శిక్షణతో మారనివి

ఒక బడిలో కులం గొడవ ఉంది. ఒక వంటావిడ గుండిగ ముట్టుకోకుండా మిగతావాళ్లు ఆమెకు ఎప్పుడూ కూరగాయలు కడగడం, అంట్లు తోమడం అప్పగించేవారు. ఎవరూ నోరు తెరిచి చెప్పరు, పని పంపకంలోనే కనబడుతుంది. వంటమనుషుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. నియామకం జరిగింది కానీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వారం వారం పనులు మారాలని హెడ్మాస్టర్ గట్టిగా నిలబడ్డారు. ఆమె వండిన రోజున టీచర్లందరూ పిల్లలతో కలిసి కూర్చుని తిన్నారు. ఇప్పుడు వంతులు నడుస్తున్నాయి. మనసులు మారాయా అంటే, నేను వెళ్లినప్పుడల్లా ఆమె టీ గ్లాసు విడిగానే కనబడుతోంది. శిక్షణతో అయ్యే పని కాదది. హెడ్మాస్టర్ బదిలీ అయితే వంతులు ఏమవుతాయో కూడా చూడాలి.

బిల్లుల సంగతి మొదట్లోనే అన్నాను. 2025 మే 1 నుంచి కేంద్రం లెక్కలో వంట ఖర్చు ప్రాథమిక తరగతులకు రోజుకు ఒక్కో పిల్లకు 6.78 రూపాయలు, ప్రాథమికోన్నత తరగతులకు 10.17. అందులోనే కూరగాయలు, పప్పు, నూనె, గ్యాస్ అన్నీ. ఆ డబ్బు ఆలస్యమైతే వంటమనిషి కొట్లో అప్పు పెడుతుంది. అప్పున్న కొట్లో వాడిపోయిన వంకాయలు తూచి ఇస్తే ఆమె ఏం మాట్లాడుతుంది? ప్రభుత్వం సరఫరా చేసే గుడ్లు తిప్పి పంపిన మనిషే కొట్టువాడి వంకాయలు మాట్లాడకుండా తెచ్చుకుంది. నేను కళ్లారా చూశాను. "గుడ్లకు నేను బాకీ లేను సార్" అంది. నాయకత్వ శిక్షణ నివేదికల్లో ఈ వాక్యం ఉండాలి, ఉండదు.

మూడోది రాజకీయం. ఎన్నికల తర్వాత ఊళ్లలో ఏజెన్సీలు మారడం మన రాష్ట్రంలో అందరికీ తెలిసిందే. శిక్షణ పొందినవాళ్లలో కొందరు అలా పోయారు. ఒక బడిలో ఇద్దరూ పోయారు. కొత్తగా వచ్చినవాళ్లు గోడ మీది కాగితాన్ని క్యాలెండర్ అనుకున్నారట. ఇంకో బడిలో మాత్రం, పోయినామె స్వయంగా వచ్చి కొత్తామెకు లెక్క బోర్డు, గంజి వార్చే పద్ధతి చూపించి వెళ్లింది. ఆమెను ఎవరూ అడగలేదు, ఆ పూటకు ఎవరూ డబ్బు ఇవ్వలేదు.

ఎవరైనా ఈ పని మొదలుపెట్టాలనుకుంటే

సర్టిఫికెట్లు ఇవ్వండి, ఫొటో ఉన్నవి. వాళ్లు వాటిని ఇంట్లో దేవుడి పటాల పక్కన పెట్టుకుంటున్నారు. కాకపోతే ఫలితాన్ని సర్టిఫికెట్లతో కొలవొద్దు. శిక్షణ చివర్లో రాత పరీక్ష అసలే వద్దు. మేం తర్వాత బడులకు వెళ్లినప్పుడు చూసినవి మూడే: లెక్క ఏ వేళకు వంటశాలకు చేరుతోంది, ఈ మధ్య ఏ సరుకైనా తిప్పి పంపారా, రుచి చూసే గిన్నె భోజనం గంట కొట్టకముందు వెళ్తోందా, కొట్టాకా. సరుకు ఎన్నడూ తిప్పి పంపని బడి అంటే అంతా సవ్యంగా ఉన్న బడి అని అనుకోవద్దు. అక్కడ చూసేవాళ్లు లేరేమో కూడా కనుక్కోండి.

పెద్ద వంటమనిషికి చెప్పాల్సిన కష్టమైన విషయం ఒకటుంది. వడ్డన వేళ ఆమె చేతిలో గరిటె ఉండకూడదు. వరుస చివర నిలబడి ఆఖరి పిల్లవాడి కంచంలో ఏం పడుతోందో చూడాలి. వాళ్లకిది ఒక పట్టాన నచ్చదు. గరిటె వదిలితే పెద్దరికం పోయినట్టు అనిపిస్తుంది. ఒకావిడ చాలా రోజులు ఒప్పుకోలేదు. తర్వాత ఓ రోజు చివర నిలబడి చూస్తే, చిన్న తరగతుల పిల్లలకు పప్పు అడుగున గట్టిది పడకుండా పైన తేట మాత్రమే వస్తోందని కనిపెట్టింది. మర్నాటి నుంచి చిన్న పిల్లల వరుస ముందుకు మార్చింది, పప్పు తిప్పడానికి ఒకరిని పెట్టింది.

శిక్షణకు కూలి డబ్బు బడ్జెట్‌లో మొదటి పద్దుగా రాసుకోండి, చివరి పద్దుగా రాస్తే ముందు కోసేది అదే. పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య లీడర్లను కూడా గదిలో కూర్చోబెట్టాలి. ఏజెన్సీ మారినప్పుడు పాతవాళ్లు కొత్తవాళ్లకు పని అప్పగించి వెళ్లే పద్ధతిని వాళ్లే పెట్టగలరు. తర్వాతి విడతకు గుడ్ల బండి డ్రైవర్లను కూడా ఒక పూట పిలుస్తున్నాం. ఆ కాంట్రాక్టరుకు ఇంకా ఇష్టం లేదు, మాట్లాడుతున్నాం.